మళ్ళీ మాస్టారు

నిత్యానందం మాస్టారు ఏ సంగతీ ఒక్కసారికి నమ్మేవాడు కాదు. పొదిలిలో వాన పడిందని ఎవరైనా చెబితే, ఇంకొకరు కూడా వచ్చి చెప్పేదాకా ఆయన లెక్కన పొదిలి పొడిగానే ఉండేది. తేలు కుట్టిందని పిల్లవాడు ఏడుస్తూ వస్తే మందు రాసేవాడు గాని, రాస్తూ రాస్తూనే "అది తేలేనా? మళ్ళీ చూసినావా?" అని అడిగేవాడు. మార్కాపురం మిషను హైస్కూల్లో ఆయన సైన్సు చెప్పిన కాలంలో పిల్లలందరూ ఆయన్ని మళ్ళీ మాస్టారు అని పిలిచేవారు. ఆ పేరు ఆయన చెవిన మొదటిసారి పడినప్పుడు కోప్పడలేదట. వెనక్కి తిరిగి, "ఏందీ? మళ్ళీ అను" అన్నాడట.

దీనికంతటికీ మూలం ఒక ఇంగ్లీషు మాట. మద్రాసులో ఎల్.టి. అనే టీచరు చదువు చదివి తిరిగి వస్తూ ఆయన మూడు వస్తువులు తెచ్చుకున్నాడు. ఒక రేకు పెట్టె, ఒక థర్మామీటరు, "రిప్రొడ్యూసిబుల్" అనే మాట. రేకు పెట్టె తుప్పు పట్టింది. థర్మామీటరు మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగుతుంటేనే పగిలింది. మాట మాత్రం చెక్కు చెదరకుండా ఇంటికి చేరింది.

ఆ మాట చేత అందరికంటే ఎక్కువ బాధలు పడినవాడు తెలుగు పండితుడు బాలసుబ్రహ్మణ్యం గారు. ఆయనా మాస్టారూ రోజూ ఒకే దారిన నడిచి బడికి వచ్చేవారు, ఒకే దారిన ఇళ్ళకు పోయేవారు. పోనూ రానూ మైలున్నర. ఆ మైలున్నరా అదే మాట.

"ఇంతకీ దాని అర్థం ఏంది మాస్టారూ?" అని పంతులు గారు ఒకరోజు అడిగాడు. అడగకుండా ఉండాల్సింది.

"ఒక పని చేసినాం. ఒక ఫలితం వచ్చింది. అదే పని, అదే మాదిరిగా, రేపు చేసినా అదే ఫలితం రావాల. నేను చేసినా రావాల, మీరు చేసినా రావాల. మార్కాపురంలో చేసినా గిద్దలూరులో చేసినా రావాల. వస్తే అది రిప్రొడ్యూసిబుల్. రాకపోతే అది ఫలితం కాదు, పుకారు."

"బాగుంది. దీన్ని తెలుగులో పునస్సాధ్యం అనొచ్చు" అన్నాడు పంతులు గారు, క్షణం కూడా ఆలోచించకుండా. ఆయనకు తన మీద తనకే ముచ్చటేసింది.

మాస్టారు ఒక కన్ను మూసి చూశాడు. "బాగానే ఉంది. రేపు మళ్ళీ చెప్పండి చూద్దాం."

మర్నాడు పొద్దున అదే దారిలో, అదే తుమ్మ చెట్టు దగ్గర మాస్టారు ఆగి అడిగాడు. పంతులు గారికి నిన్నటి మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "పునర్లభ్యం" అన్నాడు.

"చూసినారా? నిన్న వచ్చింది ఈరోజు రాలేదు. మీ తెలుగు రిప్రొడ్యూసిబుల్ కాదు."

పంతులు గారికి ఒళ్ళు మండింది. ఇంటికి పోయి తాతల నాటి ఇంగ్లీషు నిఘంటువు దులిపి ఆ మాట దగ్గరి చుట్టాలను వెతికాడు. రిప్రొడ్యూస్ అన్నదాని కింద "సంతానమును కనుట" అని ఉంది. ముందు వారమే మాస్టారు నిండు స్టాఫు రూములో, "మన హెడ్మాస్టరు గారు రిప్రొడ్యూస్ చేయలేకపోయినారు" అని గట్టిగా అన్నాడు. ఏదో లెక్క గురించి. మర్నాడు పంతులు గారు మాస్టారును పక్కకు పిలిచి, "మీరు ఆ మాట ఆడపిల్లలున్న క్లాసులో అనకండి" అని రహస్యంగా చెప్పాడు. ఎందుకో చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

ఇంట్లో కరుణమ్మ అవస్థ ఇంకో రకం. ఆమె కథ పెళ్ళితోనే మొదలైంది. చర్చిలో పాస్టరు గారు "ఈ పురుషుని భర్తగా అంగీకరించుచున్నావా?" అని అడిగితే ఆమె తల వంచుకుని "అంగీకరిస్తున్నా" అంది. పెళ్ళికొడుకు చెయ్యెత్తాడు. "అయ్యా, ఇంకొక్కసారి అడగండి" అన్నాడు. జనం గొల్లుమన్నారు. పాస్టరు గారు బిత్తరపోయి మళ్ళీ అడిగాడు. కరుణమ్మ మళ్ళీ అదే చెప్పింది. చెప్పి, ముసుగు కొంచెం పైకెత్తి, "మూడోసారి అడిగితే మాత్రం కాదంటాను" అంది. అంతటితో పెళ్ళయిపోయింది.

కాపురానికి వచ్చాక ఆమెకు తెలిసిందేమిటంటే, ఈయన వంట మెచ్చుకోడు. తిడతాడని కాదు. "పప్పు బాగానే ఉన్నట్టుంది. రేపు గూడా ఇట్లనే వస్తే అప్పుడు చెప్తాను" అంటాడు. రేపు కరుణమ్మ వంకాయ చేస్తుంది. దాంతో పప్పు ఫలితం తేలదు, వంకాయ ఫలితం మొదలవుతుంది. ఏడాది గడిచినా ఒక్క మెప్పు చేతికి అందలేదు. ఆమెకు పట్టుదల వచ్చి, కసి కొద్దీ పదకొండు రోజులు వరసగా గోంగూర పచ్చడే వేసింది. పొద్దున గోంగూర, సాయంత్రం గోంగూర. ఇంటికి వచ్చిన చుట్టాలు మూడో రోజుకే పారిపోయారు. పదకొండో రోజు మాస్టారు ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమండీ, కారం ఎక్కువయిందా?" అంది కరుణమ్మ, లోపల సంతోషిస్తూ.

"కాదు కరుణా. పదకొండు రోజులు! ఉప్పు గూడా తేడా లేదు. మా కాలేజీలో ప్రొఫెసర్లకు గూడా ఇట్ల రాలేదు."

ఆమె ఆ రోజు నుంచి కసి మానుకుంది.

ఊళ్ళో కూడా ఈ మాట వల్ల నష్టపోయినవాళ్ళున్నారు. కోటేశ్వరరావుకు పెద్ద పలకల దుకాణం ఉండేది. మార్కాపురం పలకలు మద్రాసు దాకా పోతాయి గదా, తన సరుకును గురించి ఇంగ్లీషులో నాలుగు మంచి ముక్కలు రాయించి దుకాణంలో తగిలించుకోవాలని ఆయనకు ముచ్చట. మాస్టారు దగ్గరికి వచ్చాడు. మాస్టారు ఊరికే రాస్తాడా? పది పలకలు తెప్పించి, నడుమెత్తు నుంచి బండ మీద ఒక్కొక్కటే వదిలాడు. పదీ పగిలాయి. మాస్టారు శ్రద్ధగా కాగితం తీసి, ఈ పలకలు పగలడమనేది సంపూర్ణంగా రిప్రొడ్యూసిబుల్ అని అందమైన ఇంగ్లీషులో రాసి, కింద డిగ్రీతో సహా సంతకం పెట్టి ఇచ్చాడు. కోటేశ్వరరావుకు ఇంగ్లీషు రాదు. దాన్ని అద్దం కట్టించి లక్ష్మీదేవి పటం పక్కన పెట్టి రోజూ సాంబ్రాణి పొగ చూపించాడు. రెండేళ్ళ తరవాత ఎవరో రైల్వే ఆఫీసరు పలకల కోసం వచ్చి, ఆ పటం చదివి, బల్ల పట్టుకుని నవ్వి, అర్థం చెప్పాడు.

కోటేశ్వరరావు పటం చంకన పెట్టుకుని బడికి పరిగెత్తుకొచ్చాడు. "ఏంది మాస్టారూ, ఇట్ల చేసినారు? నా పలకలు పగుల్తాయని నా దుకాణంలోనే రాసి పెట్టినారే!"

"నేను రాసింది తప్పంటారా? అయితే ఇంకో పది పలకలు తెండి. మళ్ళీ చూద్దాం."

కోటేశ్వరరావు రెండు చేతులూ జోడించి, పటం అక్కడే వదిలేసి పోయాడు.

ఇట్లా ఊరు ఊరంతా మాస్టారును చూసి నవ్వుకుంటున్న రోజుల్లో బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

అప్పట్లో మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే హెడ్మాస్టరు ఇశ్రాయేలు గారికి పది రోజుల ముందు నుంచే అన్నం సయించేది కాదు. ఆయన దేవుడికీ ఇన్‌స్పెక్టరుకూ మాత్రమే భయపడే మనిషి. దేవుడి భయం ఆదివారం ఒక్కరోజే. ముందు రోజు సాయంత్రం బడి ముందర తాటాకు పందిరి వేయించాడు. బంతిపూల దండలు కట్టించాడు. గంట కొట్టే మస్తానయ్యకు కొత్త ఖాకీ కోటు కుట్టించి, ఇస్త్రీ పెట్టించి తొడిగించాడు.

మస్తానయ్య ఇరవై రెండేళ్ళుగా ఆ బళ్ళో గంట కొడుతున్నాడు. వసారాలో పెద్ద గోడ గడియారం ఉంది. దాని కింద రైలు పట్టా ముక్క వేలాడుతుంటుంది. వేళ కాగానే మస్తానయ్య గడియారం కింద నిలబడి, తల పైకెత్తి గంభీరంగా చూసి, సుత్తి తీసుకుని కొట్టేవాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు అటూ ఇటూ కాలేదు. గడియారం లోపల గంటలు మోగించే మర ఎప్పుడో చెడిపోయింది గాని, మస్తానయ్య ఉండగా దాని లోటు ఎవరికీ తెలియలేదు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తలపాగా, నల్లకోటు, బంగారు గొలుసు గడియారం. నాలుగు వందల మంది పిల్లలను హాల్లో కూర్చోబెట్టి క్రమశిక్షణ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం గంట దాకా ఎవరూ కదలడానికి లేదు. "ఈ పాఠశాలలో నేను గమనించిన గొప్ప గుణం ఏమనగా, కాల నియమము..." అంటున్నాడు. అప్పటికి పదకొండయింది.

వసారాలోంచి ఠంగుమని అన్నం గంట మోగింది.

నాలుగు వందల మందీ ఒక్కసారి లేచారు. అన్నం గంటంటే దానికి ఇన్‌స్పెక్టరూ లేడు, హెడ్మాస్టరూ లేడు. ఆ వరదకు ఇన్‌స్పెక్టరు కుర్చీతో సహా గోడకు చేరాడు. బంతిపూల దండ తెగింది. తలపాగా దొర్లుకుంటూ పోయి వసారాలో తేలింది. దుమ్ము సద్దుమణిగాక చూస్తే హాల్లో ముగ్గురే మిగిలారు. ఇన్‌స్పెక్టరు, హెడ్మాస్టరు, మూల బెంచీ మీద నిద్రపోతున్న డ్రిల్లు మాస్టరు.

ఇన్‌స్పెక్టరు తలపాగా దులుపుకుని కర్నూలు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం హెడ్మాస్టరు గదిలో పంచాయితీ పెట్టారు. ఇశ్రాయేలు గారు అప్పటికే మస్తానయ్యను పనిలోంచి తీసేస్తున్నట్టు కాగితం రాసి పెట్టుకున్నాడు.

"తాగినాడు. ఇంకేముంది! పదకొండుకు అన్నం గంట కొట్టినాడంటే తాగే ఉండాల."

మస్తానయ్య కొత్త కోటులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. "లేదయ్యగోరూ. దేవుని సాచ్చిగా నేను ముట్టను. వేళయిందనే కొట్టినా. ఎట్ల తప్పిందో నాకే తెలీడంలేదు."

"నీకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? గడియారం నీ నెత్తి మీదే ఉండె గదా!"



అప్పుడు మూల నుంచి నిత్యానందం మాస్టారు లేచాడు. పంతులు గారు ఆయన పంచె కొంగు పట్టి లాగాడు గాని ఆగలేదు.

"హెడ్మాస్టరు గారూ, ఒక్కసారి జరిగినదాన్ని బట్టి ఏ సంగతీ తేల్చకూడదు. ఇరవై రెండేళ్ళు సరిగ్గా కొట్టినాడు. ఒకరోజు తప్పినాడు. ఆ తప్పు రిప్రొడ్యూసిబులా కాదా, మనకు తెలుసా?"

"మాస్టారూ, నా ఉద్యోగం పోయేట్టుంది, మీ మాట పక్కన పెట్టండి!"

"అందుకే అంటున్నా. అవే కండిషన్లలో మళ్ళీ చేసి చూడాల. అదే పందిరి, అదే దండ, అదే ఉపన్యాసం. తప్పు మళ్ళీ జరిగితే కాగితం మీద సంతకం పెట్టండి. జరక్కపోతే చింపేయండి."

"అదే ఉపన్యాసం అంటే... అదే ఇన్‌స్పెక్టరు గూడా కావాలంటారా?"

"ఇన్‌స్పెక్టరు లేకపోతే కండిషన్ మారిపోయినట్టే గదా!"

ఇశ్రాయేలు గారు కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. అయితే క్షమాపణ ఉత్తరం ఎట్లాగూ రాయాలి. మద్రాసు ఇంగ్లీషు వచ్చినవాడు మాస్టారొక్కడే. ఉత్తరం ఆయనే రాశాడు. "జరిగినదానికి క్షమించి, తమరు దయచేసి మా పాఠశాలలో అవే కండిషన్లలో మరొక్కసారి రిప్రొడ్యూస్ కావలసిందిగా ప్రార్థిస్తున్నాము" అని అందులో ఒక ఇంగ్లీషు వాక్యం. హెడ్మాస్టరు ఇది మద్రాసు మర్యాద కాబోలుననుకుని సంతకం పెట్టాడు. పంతులు గారు అది చదివి చెమటలు కక్కాడు గాని, నిఘంటువులో ఉన్న సంగతి హెడ్మాస్టరు ముందు ఎట్లా ఎత్తుతాడు?

ఆ ఉత్తరం చదివి కర్నూలు ఆఫీసులో నవ్వని గుమాస్తా లేడట. వారం తిరక్కుండా జవాబు వచ్చింది. "నాకిప్పటికే ఏడుగురు. అయినా మీరింతగా కోరుతున్నారు గనక ఇరవై మూడో తేదీన వస్తున్నాను."

"ఏడుగురేంది?" అన్నాడు ఇశ్రాయేలు గారు అయోమయంగా.

"బంట్రోతులయి ఉంటారండీ" అన్నాడు పంతులు గారు గోడ వైపు చూస్తూ.

ఇరవై మూడో తేదీన పందిరి మళ్ళీ లేచింది. నిత్యానందం మాస్టారు పుస్తకం, పెన్సిలు పట్టుకుని తెల్లవారక ముందే వచ్చి కూర్చున్నాడు. దండలో అన్నే పువ్వులు లెక్కపెట్టించాడు. డ్రిల్లు మాస్టరును అదే మూల బెంచీ మీద కూర్చోబెట్టి, నిద్రపొమ్మన్నాడు. ఇన్‌స్పెక్టరుకు పోయినసారి పెట్టిన ఉప్మా ఎట్లుండెనో కనుక్కుని, అంత గట్టిగానే చేయించాడు.

"ఆ ఉప్మా గూడానా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు దీనంగా.

"తప్పదు సార్. అది కండిషన్."

ఇన్‌స్పెక్టరు నవ్వుకుంటూ రెండు ముద్దలు మింగి హాల్లోకి పోయి క్రమశిక్షణ ఉపన్యాసం మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. వసారాలో మస్తానయ్య గడియారం కింద నిలబడ్డాడు. పాపం, పది రోజులుగా అతనికి నిద్ర లేదు. "ఆ రోజు ఎట్ల చేసినావో అట్లనే చెయ్యి. కొత్తగా ఏమీ చెయ్యొద్దు" అని మాస్టారు గట్టిగా చెప్పాడు. ఎదురుగా బల్ల మీద మాస్టారూ, ఆయన పక్కన సాక్షిగా పంతులు గారూ కూర్చున్నారు.

పది దాటింది. పదిన్నర దాటింది. పంతులు గారికి కునుకు పట్టబోతుండగా పక్కన మాస్టారు పెన్సిలు ఆగిపోయింది. పంతులు గారు తల తిప్పి చూశాడు. మాస్టారు గడియారాన్ని చూడటం లేదు. మస్తానయ్య కళ్ళను చూస్తున్నాడు. మస్తానయ్య కళ్ళు వసారా మెట్టు మీద ఉన్నాయి. పొద్దుటి ఎండ పందిరి కింది నుంచి ఏటవాలుగా వచ్చి ఆ మెట్టు మీద పడుతోంది. పొద్దెక్కుతున్న కొద్దీ ఆ ఎండ జానెడయింది, బెత్తెడయింది, గీతయింది, పోయింది.

మస్తానయ్య కోటు సర్దుకున్నాడు. తల పైకెత్తి గడియారాన్ని గంభీరంగా చూశాడు. సుత్తి ఎత్తాడు. గడియారంలో పదకొండుకు అయిదు నిమిషాలు తక్కువ.

మాస్టారు బల్ల మీద నుంచి ఎగిరి ముందుకు దూకాడు.

"మస్తానయ్యా! నీకు పిల్లలెందరు?"

సుత్తి గాల్లోనే ఆగింది. "ఎనిమిది మంది సారూ."

"పేర్లు చెప్పు."

"ఇప్పుడా సారూ? గంట..."

"గంట యాడికీ పోదు. పేర్లు!"

మస్తానయ్య పెద్దదాని నుంచి చిన్నోడి దాకా వరసగా చెప్పాడు.

"మళ్ళీ చెప్పు."

చెప్పాడు.

"ఇప్పుడు చిన్నోడి నుంచి పెద్దదాని దాకా చెప్పు."

మస్తానయ్యకు ఐదో పేరు దగ్గర తప్పిపోయింది. మాస్టారు మొదటికి తెచ్చాడు. పిల్లలయ్యాక గేదెలు. గేదెలయ్యాక, ఏ గేదె ఏ సంవత్సరం ఈనింది. అది అయ్యాక మస్తానయ్య పెళ్ళికి ఎన్ని బండ్లు కట్టినారు, ఏ ఎద్దు కుంటిది, అత్తగారి ఊళ్ళో బావి ఎన్ని మట్ల లోతు. "నిన్న పదన్నావు, ఈరోజు పన్నెండంటావు!" అని మాస్టారు గదమాయించాడు. నిన్న ఆయన అసలు అడగనే లేదు. సుత్తి ఎత్తిన చేయి నొప్పిపెట్టి మస్తానయ్య చేయి మార్చుకున్నాడు. మళ్ళీ మొదటి చేతికే మార్చుకున్నాడు. అతని మొహాన చెమట ధారలుగా కారింది. మాస్టారు మొహాన అంతకంటే ఎక్కువ కారింది. ఆయన మాటిమాటికీ గడియారం వైపు దొంగచూపులు చూస్తూ, ఊపిరి తీసుకోకుండా అడుగుతూనే ఉన్నాడు. పంతులు గారికి ఇదంతా ఏమిటో బోధపడలేదు. ఎండ దెబ్బేమోనని మంచినీళ్ళ ముంత దగ్గర పెట్టుకున్నాడు.

ముళ్ళు రెండూ పన్నెండు మీద కలిశాయి.

"కొట్టు!" అన్నాడు మాస్టారు, బల్ల మీద కూలబడుతూ.

గంట మోగింది. నాలుగు వందల మంది హోరుమని బయటికి వచ్చారు. ఈసారి ఇన్‌స్పెక్టరు ముందుగానే కుర్చీ గోడకు జరుపుకుని కూర్చున్నాడు. వసారాలోకి వచ్చి బంగారు గొలుసు లాగి గడియారం చూసుకున్నాడు.

"పన్నెండు. సెకను తేడా లేదు. ఏమయ్యా నిత్యానందం, మీ ప్రయోగం ఫలితం ఏమిటి?"

మాస్టారు లేచి నిలబడి, పుస్తకంలో రాసి, రాసింది చదివాడు. "ఆ తప్పు రిప్రొడ్యూసిబుల్ కాదు సార్."

ఇశ్రాయేలు గారు ఒక పెద్ద నిట్టూర్పు విడిచి, జేబులో ఉన్న కాగితం నాలుగు ముక్కలు చేశాడు. మస్తానయ్య సుత్తి కింద పెట్టి, ఏమీ అర్థం కాకపోయినా అందరికీ దండాలు పెట్టాడు.

"మూడోసారి గూడా చూడాలంటారా ఏమి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, ఉప్మా తలుచుకుని కొంచెం భయంగానే.

పంతులు గారు చెవులు రిక్కించాడు. మూడుసార్లు చూడనిదే నిప్పు కాలుతుందని కూడా ఒప్పుకోని మనిషి ఈయన.

"అక్కర్లేదు సార్" అన్నాడు నిత్యానందం మాస్టారు.

పంతులు గారి చేతిలో ముంత కింద పడింది.

సాయంత్రం ఇద్దరూ ఇంటిదారి పట్టారు. తుమ్మ చెట్టు దగ్గరికి వచ్చేసరికి పంతులు గారు ఉండబట్టలేకపోయాడు.

"మాస్టారూ, అది ప్రయోగమా? పిల్లల పేర్లు అడుగుతూ గంటసేపు ఆ మనిషిని కట్టేసినారు. ఆపకపోతే పదకొండుకే కొట్టేవాడు గదా?"

"కొట్టేవాడు."

"మరి?"

"ఆయప్పకు గడియారం చూడటం రాదు పంతులు గారూ." మాస్టారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తల పైకెత్తేది మన కోసం. కళ్ళు ఎప్పుడూ మెట్టు మీదనే. మెట్టు మీద ఎండ పోతే పన్నెండు. ఎదురుగా పందిరి వేసినాం, ఎండ గంట ముందే పోయింది. తప్పు పందిరిది."

పంతులు గారు రోడ్డు మధ్యలో నిలబడిపోయాడు. మబ్బు పట్టిన రోజుల్లో మస్తానయ్య తన క్లాసు గుమ్మంలోకి వచ్చి, "పంతులుగోరూ, తమరి గడియారంలో ఎంతయింది? మన పెద్ద గడియారంతో సరిసూసుకుందామని" అని అడగడం ఆయనకు గుర్తొచ్చింది. ఎంత బాధ్యత గల మనిషో అనుకునేవాడు తను. మార్కాపురంలో మబ్బు పట్టే రోజులు ఏడాదికి పట్టుమని ఇరవై ఉండవు గనక సాగిపోయింది.

"ఇరవై రెండేండ్లు ఎండ చూసి బడి నడిపినాడా!"

"నడిపినాడు. మన గడియారం వారానికి ఆరు నిమిషాలు వెనకబడుతుంది, నేను చూసినా. ఆయప్ప వెనకబళ్ళేదు. మార్కాపురం మొత్తంలో రిప్రొడ్యూసిబుల్ అనదగ్గ మనిషి ఎవరన్నా ఉంటే, ఆయప్పే."

"ఆ మాటే లోపల చెప్పకపోతిరే?"

"చెప్తే ఏమంటారు? గడియారం చూడరాని వాడికి గంట కొట్టే పనేందంటారు. పిల్లలు నవ్వుతారు. ఇరవై రెండేండ్లు ఎవరికీ తెలీకుండా కాపాడుకున్నాడు పంతులు గారూ. నేనెవరిని బయట పెట్టేదానికి?"

పంతులు గారు మళ్ళీ అడుగు కలిపి, "ఏమైనా, మీరు పుస్తకంలో అబద్ధం రాసినారు" అన్నాడు. ఆయనకు ఇంత మంచి అవకాశం ఇదివరకు ఎప్పుడూ దొరకలేదు.

"రాసినాను" అని మాస్టారు ఒప్పుకున్నాడు. పది అడుగులు వేశాక ఒక కన్ను మూసి, "ఒక్కసారే గదా పంతులు గారూ! ఒక్కసారి జరిగింది లెక్కలోకి రాదు" అన్నాడు.

పంతులు గారు ఆ రాత్రి అన్నం తింటూ కూడా నవ్వుతూనే ఉన్నాడట. ఇన్నేళ్ళూ తనూ ఊరూ ఈ మనిషి మంచిని ఒక్కసారికి నమ్మడనే అనుకున్నారు. చెడును కూడా ఒక్కసారికి నమ్మడని ఎవరికీ తట్టలేదు.

సోమవారం నుంచి నిత్యానందం మాస్టారు కొత్త ప్రయోగం మొదలుపెట్టాడు. బడి గడియారం మీద తనకు అనుమానంగా ఉందనీ, దాన్ని పరీక్షించాలనీ హెడ్మాస్టరు దగ్గర అనుమతి తీసుకున్నాడు. పరీక్షకు మనిషి సాయం కావాలి గనక మస్తానయ్యను అడిగాడు. అరగంటకోసారి ఇద్దరూ గడియారం కింద నిలబడేవారు.

"చిన్నముల్లు యాడుంది మస్తానయ్యా? నాకు కళ్ళు సరిగా ఆనడంలేదు."

"పదికీ పదకొండుకీ నడుమ సారూ."

"పెద్దముల్లు?"

"ఆరు మీద."

"అయితే ఎంతయినట్టు? పదిన్నర. అంతేనా? మళ్ళీ చెప్పు, ఈ గడియారాన్ని నమ్మేదానికి లేదు."

ఇట్లా రోజుకు పదిసార్లు. పిల్లలు చాటుగా నవ్వుకున్నారు. పాపం ముసలి మస్తానయ్య మళ్ళీ మాస్టారు చేతికి చిక్కినాడని స్టాఫు రూములో జాలిపడ్డారు. పంతులు గారొక్కడే నవ్వలేదు. పైగా ఒకటి రెండుసార్లు తనూ పోయి, "నాకూ కళ్ళు ఆనడం లేదు మస్తానయ్యా, కొంచెం చూసి చెప్పు" అన్నాడు. రెండు నెలలు తిరిగేసరికి మాస్టారు గడియారం బాగానే ఉందని తేల్చి పరీక్ష ముగించాడు. ఒకరోజు మస్తానయ్య కరుణమ్మకు రెండు గుమ్మడికాయలు తెచ్చి ఇచ్చి, "సారుకు కళ్ళకు మంచిదంట తల్లీ" అని చెప్పి, ముసిముసిగా నవ్వుతూ పోయాడు.

అయితే దీని ఫలితం బడి మీద వేరే రకంగా పడింది. ఎండ లెక్కన గంట కొట్టినన్నాళ్ళూ మస్తానయ్యకు నిమిషాలతో పని లేదు. ఇప్పుడు నిమిషాలు చేతికొచ్చాయి. కొత్తగా వచ్చిన విద్య గదా, అతను ఊరుకోలేకపోయాడు. పొద్దున పదింటి బడి గంట కొట్టగానే గేటు దగ్గర కోటు గుండీలన్నీ పెట్టుకుని నిలబడి, ఆలస్యంగా వచ్చే అయ్యవార్లకు వంగి దండం పెట్టి, వీధి వీధంతా వినబడేట్టు టైము చెప్పడం మొదలుపెట్టాడు. డ్రిల్లు మాస్టరు రెండో రోజే చిక్కాడు. నాలుగో రోజు హెడ్మాస్టరే చిక్కాడు.

శుక్రవారం పంతులు గారు తలంటుకుని, జుట్టు ఆరక, కండువా చుట్టుకుని గబగబా వస్తున్నాడు. గేటు ఇంకా ఇరవై గజాలు ఉంది.

"పదీ నాలుగు, పంతులుగోరూ!" అని మస్తానయ్య కేక పెట్టాడు. మళ్ళీ గడియారం వైపు ఒకసారి తల తిప్పి చూసి, "కాదు కాదు, అయిదు!" అన్నాడు.

బాలసుబ్రహ్మణ్యం గారు నిత్యానందం మాస్టారును మనసారా తిట్టుకుంటూ, కండువా చంకన పెట్టి పరుగందుకున్నాడు.